పైడితల్లి మోకాల్లో సగం విషం

నేను ఒక విషాన్ని. ఉన్నమాట చెప్పాలంటే సగం విషాన్ని. రెండో సగం వేరేగా పుడుతుంది, వేరేగా తిరుగుతుంది. అది వచ్చి చేయి కలిపితే తప్ప నావల్ల ఎవరికీ చావు రాదు. ఇంత చిన్న బతుక్కి ఇంత తిరకాసు పెట్టింది ఎవరో గానీ, వాళ్లకో దండం.

నన్ను కన్నది గుండ్రటి బాక్టీరియా. దాని జాతి గుత్తులు గుత్తులుగా మనుషుల ముక్కుల్లో, చంకల్లో హాయిగా బతుకుతుంది. మా అమ్మ మాత్రం ఓ మోకాలి పట్టీలో కాపురం పెట్టింది. విజయనగరం దగ్గర అమ్మాయిల కబడ్డీ జట్టొకటి ఉంది. కూతకు ఎవరు వెళ్లినా ఆ పట్టీనే తొడుక్కోవాలి. అది కలిసొచ్చిన పట్టీ అట. ఉతికితే ఆ కలిసిరావడం కాస్తా పోతుందని, పోటీలు అయ్యేదాకా దానికి నీళ్లు చూపించరు. మాబోటి వాళ్లకు ఇలాంటి నమ్మకాలే అన్నం పెడతాయి. అందరి చెమటా తాగిన ఆ పట్టీ, ఆటలో మోకాలు గీసుకుపోయిన పైడితల్లి అనే పిల్ల చర్మాన్ని ఒరుసుకుంది. మా అమ్మ లోపలికి దిగింది.

గడ్డ లేచింది. జట్టుకు ఆట నేర్పే బంగార్రాజు మాస్టారు ఇంటికొచ్చి చూశాడు.

"పిసికీసి గట్టిగా కట్టు కట్టీ అప్పయ్యమ్మా. ఎల్లుండి సెమీస్."

"ఇంకా పచ్చిగుంది మాస్టారూ," అంది పిల్ల తల్లి అప్పయ్యమ్మ.

"పచ్చిదైతే ఏటి? పిల్ల రాకపోతే జట్టు ఏటైపోద్ది?"

అప్పయ్యమ్మ పిసికింది. చీము బయటికి రాలేదు, మా వాళ్లే లోతుకు పోయారు. తెల్లారేసరికి తొడ దాకా వాచి, పిల్ల ఒళ్లు కాలిపోతోంది.

నేను పుట్టింది ఆ జ్వరంలోనే. బయటపడగానే ఎదురుగా ఒక తెల్లకణం. ఒంట్లో దొంగలు పడ్డారని కేక వినిపిస్తే పరుగెత్తుకొచ్చే కాపలాదారు అది. ఆ కేక వినడానికి దాని ఒంటి మీద చెవుల్లాంటివి ఉంటాయి. ఓ చెవి చూసుకుని అతుక్కున్నాను. ఎలుకల కణాల మీదైతే నాకు పట్టు దొరకదు, జారిపోతాను. మనిషి చెవి మాత్రం నా కొలతకే కుట్టించినట్టుంది. తీరా అతుక్కున్నాక తెలిసింది, వెనక్కి రావడం కుదరదని. ఆ చెవితో దానికి కేక వినపడదు, నాకు కదలిక లేదు. ఇద్దరం ఇరుక్కుపోయాం. నిజంగానే భయమేసింది.

ఇక రెండో సగాలు రావాలి. నాలాంటి సగాలు నలుగురు, ఆ రెండో సగాలు నలుగురు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడితే కణానికి చిల్లు పడుతుంది, పగిలి చస్తుంది. చుట్టూ జరుగుతున్నది అదే. చచ్చిన కాపలావాళ్లే చీముగా పోగుపడుతున్నారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ తొడ నొక్కి చూసింది. "కోసి శుభ్రం చేస్తాను. అప్పటికీ చీము పైకి పాకితే కాలు తీసేయాలి. ప్రాణానికి కూడా హామీ ఇవ్వలేను."

అప్పయ్యమ్మ గోడ వారన కూలబడింది. "నానే పిసికీసేనమ్మా," అంది. వెంట వచ్చిన మాస్టారు గుమ్మం బయటికి నడిచాడు.

సెలైనులో ఒక మందు ఎక్కింది. దాంతో మా అమ్మకూ దాని సంతతికీ విషం తయారు చేయడం చేతకాకుండా పోయింది. అప్పటికి నాతో కలిపి ఏడుగురం చేరాం. ఎనిమిదోది రావాలి. ఎంత చూసినా రాలేదు. ఈలోగా గాయం కోసి కడిగారు. ఓ మూల మిగిలిపోయిన మేం, తెల్లకణంతో సహా, మర్నాడు కట్టు మార్చేటప్పుడు దూదికి అంటుకుని మంచం పక్కన పసుపు సంచిలో పడ్డాం.

"బొటనవేలు కదుపమ్మా," అంది డాక్టరమ్మ.

అప్పయ్యమ్మ ఆ వేలి మీదకు వంగింది.

"కదిలింది," అంది అప్పయ్యమ్మ. ఆ తర్వాత ఆమె ఏడుపు తప్ప నాకేమీ వినపడలేదు.

నర్సు సంచి మూతి బిగించింది. దీన్ని తీసుకెళ్లి కాల్చేస్తారట. తెల్లకణం ఇంకా కొనఊపిరితో ఉంది. పిల్ల కాలు దక్కింది కదా, ఇక దీన్ని వదిలేద్దామనే ఉంది నాకు. వదలడం ఎలాగో తెలీదు.