వాకిట్లో రక్తకాటేరి

కూతురు చేసిన ఆటలో జనార్ధనం మళ్ళీ చచ్చిపోయాడు.

తిరువళ్ళూరు బజారులో ఆయనది స్టీలు సామాన్ల అంగడి. కూతురు విద్యాలక్ష్మి పట్టాభిరామ్‌లో ఒక కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగం మానేసి, ఇంట్లో కూర్చుని వీడియో గేమ్ ఒకటి తయారు చేసింది. చేతుల్లో పట్టుకుని ఆడుకునే చిన్న మిషన్ కోసం చేసిన ఆట అది. అందులో ఒక అమ్మాయి చెక్క మేకులు పట్టుకుని రక్తం తాగే పిశాచాలను వేటాడుతుంది. ఆ చుట్టుపక్కల వాటిని రక్తకాటేరి అంటారు. గబ్బిలాలు మీద పడతాయి, తోడేళ్ళు తరుముతాయి, గోడలెక్కి దూకాలి. ఇవన్నీ దాటి అమ్మాయి ఇల్లు చేరాక, రక్తకాటేరుల దొర పెద్దమనిషి వేషంలో వచ్చి తలుపు తడతాడు. ‘లోపలికి రావచ్చునా?’ అని మర్యాదగా అడుగుతాడు. ఎవరూ పిలవకుండా గడప దాటే శక్తి వాడికి లేదు, ఎండలో నిలిచే శక్తీ లేదు. ‘వద్దు’ అనే బొత్తాం నొక్కితే మొదటి రాత్రి గడిచిపోయినట్టే. చంటిపిల్లలైనా దాటేస్తారని విద్య ధీమా.

జనార్ధనం గబ్బిలాలను చీల్చి చెండాడాడు. తోడేళ్ళను తోక ముడిచి పరుగెత్తేలా చేశాడు. తలుపు దగ్గరకు వచ్చేసరికి ‘రండి’ నొక్కాడు. దొర లోపలికి వచ్చి మెడ కొరికాడు.

“వాడు రక్తకాటేరి అని చెప్పినా గదా నాయనా.”

“తెలిసే నొక్కినానమ్మా. వాకిట్లో నిలబడుకోని అడగతా ఉండాడు. మొగాన పొమ్మని ఎట్ల చెప్పేది?”

విద్య తలుపు మీద ఎర్ర అక్షరాలతో పెద్ద హెచ్చరిక పెట్టింది. దాన్ని చక్కగా చదివి మరీ పక్క అంగడి అరుణాచలం మెడ అప్పగించాడు. పూలమ్మే తిరుమలమ్మ దొరను చూసి ముసిముసిగా నవ్వుతూ ‘రండి’ నొక్కింది. ఎదురుగా మందుల షాపు ఏంజెలిన్ అయితే “కాఫీ ఇచ్చే బొత్తాం యాదిమే?” అని అడిగి మరీ చచ్చిపోయింది. మర్యాద అనేది ఇంత ప్రాణాంతకమైన జబ్బని విద్యకు అప్పుడే తెలిసింది.

నవ్వుకుని ఊరుకునే సంగతైతే బాగుండేది. ఆ మిషన్లు తయారు చేసే చెన్నై కంపెనీ నుంచి పాల్‌రాజ్ అనే ఆయన శనివారం వస్తున్నాడు. ఆయన షరతు ఒకటే. ఈ ఆటలో అందరికన్నా ఎక్కువగా ఓడిపోయిన మనిషి ఆయన కళ్ళ ముందు ఆడాలి. మొదటి రాత్రి గట్టెక్కి, ఎవరూ చెప్పకుండా తనంతట తానే రెండో రాత్రికి పోవాలి. ఆడేవాడు ఎలాగూ ఆడతాడు, ఓడిపోయేవాణ్ణి కూర్చోబెట్టేదే ఆట అని ఆయన సిద్ధాంతం. అలా జరిగితే ఆటను తీసుకుంటారు. లేకపోతే విద్య మళ్ళీ పట్టాభిరామ్ రైలెక్కి లెక్కలు రాసుకోవాల్సిందే.

ఊరి మీద, మర్యాద మీద కోపం పట్టలేక ఆమె గురువారం తిరుత్తణికి పోయింది. కొండ కింద పెద్దమ్మ రంగనాయకమ్మకు అంగడి ఉంది. కర్పూరం, విభూతి, భక్తులు మోసే కావళ్ళకు కట్టే నెమలి ఈకలు అమ్ముతుంది. విద్య మిషన్ ఆమె చేతికిచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. పెద్దమ్మ కూడా చచ్చిపోతే ఇక ఆశ వదులుకోవచ్చని అనుకుంది.

పెద్దమ్మవి విభూతి పొట్లాలు కట్టి కట్టి చురుకెక్కిన వేళ్ళు. గబ్బిలాలు నేల రాలాయి, తోడేళ్ళు చెట్టెక్కాయి. దొర వచ్చి తలుపు తట్టాడు. పెద్దమ్మ రెండు బొటనవేళ్ళూ పైకెత్తి అలాగే ఉండిపోయింది.

“ఇందులో రండి, వద్దు అనే రెండే ఉండాయేమే. ఇంగొకటి యాడ?”

“ఇంగొకటి ఏంది పెద్దమ్మా?”

అంతలో కొత్తరకం అగరుబత్తీలు అంగట్లో పెట్టుకోమని సంచీతో ఒక ఏజెంటు వచ్చి నిలబడ్డాడు. పెద్దమ్మ తల ఎత్తలేదు. “రేపు పొద్దున రా నాయనా,” అంది. అతను సంతోషంగా తల ఊపి వెళ్ళిపోయాడు.

“ఇది,” అంది పెద్దమ్మ.

విద్య నోరు తెరిచింది. పుట్టినప్పటి నుంచీ ఈ మాట వింటూనే ఉంది. చందాల వాళ్ళకు, చీటీల వాళ్ళకు, ఇన్సూరెన్సు వాళ్ళకు తమ ఇళ్ళల్లో చెప్పే జవాబు ఇదొక్కటే. లేదని అనరు, పొమ్మని అనరు.

“పొద్దున వస్తే ఎండ తగిలి వాడు కాలిపోతాడు గదా పెద్దమ్మా.”

“అది వాని తలరాత. నేను మర్యాదగానే చెప్పినా.”

విద్యకు నవ్వు ఆగలేదు. కర్పూరం డబ్బాల మధ్య లాప్‌టాప్ తెరిచి అప్పటికప్పుడే పని మొదలుపెట్టింది. మర్నాడు ఇల్లు చేరేసరికి ఆటలో మూడో బొత్తాం పుట్టింది.

శనివారం పాల్‌రాజ్ స్టీలు అంగడికి వచ్చాడు. ఎక్కువగా ఓడిపోయింది ఎవరని అడగ్గానే బజారంతా ఏకగ్రీవంగా జనార్ధనాన్ని చూపించింది. ఆయన కాస్త సిగ్గుపడి, చేతులు పంచెకు తుడుచుకుని మిషన్ అందుకున్నాడు.

తలుపు దగ్గర మూడో బొత్తాం చూడగానే ఆయన ముఖం వెలిగింది. ‘రేపు పొద్దున రండి’ నొక్కాడు. దొర వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. తెర మీద కోడి కూసింది. చెప్పిన వేళకే దొర తల దువ్వుకుని, చేతిలో అరటిపళ్ళతో వచ్చి నిలబడ్డాడు. ఎండ తగిలింది. గుప్పెడు బూడిద, పక్కన పళ్ళు మిగిలాయి. ‘రెండో రాత్రికి పోతారా?’ అని అక్షరాలు వచ్చాయి.

అందరూ చప్పట్లు కొట్టారు. జనార్ధనం మాత్రం మిషన్ బల్ల మీద పెట్టేశాడు.

“నేను ఆడనమ్మా. పావం, పండ్లు కూడా తెచ్చినాడు. రమ్మంటేనే గదా వచ్చింది. ఇంతమందికి రేపు రమ్మని చెప్పినాం, మాట మీద వచ్చినోడు వీడొక్కడే.”

నొక్కు నాయనా అని విద్యకు అరవాలనిపించింది, కానీ షరతు ప్రకారం చెప్పకూడదు. పాల్‌రాజ్ స్టూలు మీద నుంచి లేచి బ్యాగు జిప్పు లాగడం మొదలుపెట్టాడు. జనార్ధనం గుడ్డ తీసుకుని, తుడిచిన చెంబునే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు. ఒకసారి మిషన్ వంక తొంగి చూశాడు. తెరలో బూడిదకు అవతల, కొండ మీద ఒక కోట, అందులో ఒక కిటికీలో దీపం కనిపిస్తున్నాయి.

“ఆ దీపం ఉండేది దొర వాళ్ళ ఇల్లేనా?” అని అడిగాడు.

“అదే అయ్యుంటుంది. ఇంట్లో ముసలమ్మ ఉంటుందేమో. మన వాకిట్లో పోయినాడు, పోయి పలకరించకపోతే తప్పు,” అని తనలో తనే అనుకుని, చెంబు పక్కన పెట్టి బొత్తాం నొక్కాడు.

పాల్‌రాజ్ చెయ్యి జిప్పు మీదే ఆగిపోయింది. ఆయన తెర వంక చూశాడు, జనార్ధనం వంక చూశాడు, మెల్లగా మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

“ఇన్నేళ్ళల్లో ఎంతోమంది ఆడేది చూసినానమ్మా. చంపినోని ఇంటికి పలకరింపుకు పోయినోళ్ళను చూడలేదు,” అన్నాడు విద్యతో. “ఆట మాకియ్యి. తీసుకుంటాం.”

విద్యకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత సంతోషం ఆమెకు బుద్ధి తెలిశాక కలగలేదు. బిందెల మధ్య నుంచి దారి చేసుకుని తండ్రి దగ్గరకు పోయి భుజం పట్టుకుంది.

“నాయనా, తీసుకున్నారు నాయనా.”

జనార్ధనం తల ఎత్తలేదు. తోడేళ్ళు చుట్టుముట్టి ఉన్నాయి, రెండు బొటనవేళ్ళూ పరుగులు పెడుతున్నాయి.

“ఉండమ్మా, దారిలో ఉండా,” అన్నాడు. “ఈ కుక్కలు పోనిస్తేనే గదా.”