కొంగ రెండో కాలు

కోడలి చేతిరాత గురించి మంచిగా చెప్పాలంటే ఒక్క మాటే చెప్పొచ్చు: సిరా మాత్రం నల్లగా ఉండేది. లెక్కలు చెప్పడంలో ఆమెకు ఆమే సాటి. కానీ ఆమె రాసిచ్చిన ప్రశ్నల కాగితం కోడి కెలికినట్టుండేది. ఏడో ఒకటో తెలియక పిల్లలు కాగితంలో లేని లెక్కలన్నీ చక్కగా చేసుకొచ్చేవారు. అప్పటికే ముగ్గురు ట్యూషన్ మానేశారు. మిగిలిన పదకొండు మంది పిల్లల పెద్దవాళ్లు ఆదివారం పొద్దున పరీక్ష పెట్టమన్నారు. ఈసారి కాగితం చదవడానికి వీలుగా లేకపోతే తమ పిల్లల్నీ మాన్పిస్తామని మొహం మీదే చెప్పేశారు. స్కూలు ఉద్యోగం వదిలేసి మరీ మొదలుపెట్టిన ట్యూషన్ అది. పదకొండు మందీ పోతే ఇక దానికి నీళ్లొదులుకోవాల్సిందే.

అందుకే బుధవారం ప్రింటర్ కొనడానికి బయల్దేరి, తోడుగా మామగారిని తీసుకెళ్లింది. నలభై ఏళ్లు టైపు మిషన్లు బాగుచేసిన చేయి ఆయనది. మిషన్ల కాలం పోయినా ఆ చేతులకు ఊరికే ఉండటం చేతకాలేదు. విరిగిన గొడుగు ఊచలు, వంకరపోయిన గరిటెలు, సైకిల్ గొలుసులు ఏరుకొచ్చి పక్షుల్నీ జంతువుల్నీ చేసేవారు. బాల్కనీ నిండా ఆ సంతే. ఇంట్లో ఒక ఒప్పందం ఉండేది: గడపకు ఇవతల ఏది ఉన్నా కోడలిది, గడప దాటి బాల్కనీలోకి ఏది వెళ్లినా మామగారిది. ఆ ఒప్పందం పుణ్యమా అని ఆమె ఆరబెట్టుకున్న గొడుగు నెమలి అయింది, ఎండలో పెట్టిన జల్లెడ తాబేలైంది. గొడుగు కోసం ఆమె రెండు రోజులు అలిగింది కూడా.

కొట్లో అమ్మే మనిషి ఒక బుల్లి ప్రింటర్‌ని ముందుకు తోశాడు. “దీనికంటే చవక ఎక్కడా దొరకదు మేడమ్.”

“సిరా డబ్బా ఎంతయ్యా?” అన్నారు మామగారు.

అతను నసుగుతూ చెప్పాడు.

“ఎన్ని కాగితాలకొస్తుంది?”

“ఓ ఎనభై దాకా వస్తుందండి.”

“ఏనుగుని చవగ్గా అంటగట్టి, మేత అమ్ముకుని బతుకుదామనా?”

ట్యాంకులో సిరా పోసుకునేది కోడలికి నచ్చింది కానీ ధర విని కళ్లు తేలేసింది. చివరికి మూలన దుమ్ము కొట్టుకుపోయిన పాతది ఒకటి బయటపడింది. ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్నది. నలుపు తప్ప ఇంకో రంగు రాదు. కానీ ఒకసారి పొడి సిరా నింపితే వెయ్యి కాగితాలకు ఢోకా లేదు. మామగారు మూత ఎత్తి లోపలికి తొంగిచూశారు.

“ఆహా! ఏం కడ్డీలమ్మా ఇవి!”

కోడలు ఆయన మొహంలోకి చూసింది. చెత్తలో మంచి గరిటె దొరికినప్పుడు ఆయన మొహం సరిగ్గా ఇలాగే వెలుగుతుంది.

“మామయ్యా, మనం కొనేది ప్రింట్లు తీయడానికి. గుర్రాన్ని చేయడానికి కాదు.”

“ఆ మాత్రం నాకు తెలియదటమ్మా!” అన్నారాయన, కడ్డీల మీంచి చూపు తిప్పకుండానే.

అదే కొన్నారు. రెండు రోజులు బుద్ధిగా పనిచేసింది. శనివారం మధ్యాహ్నం పరీక్ష కాగితాలు తీద్దామని కూర్చునేసరికి మొరాయించింది. గుర్రుమంటుంది తప్ప కాగితాన్ని లోపలికి లాక్కోదు. ఆమె చిరాగ్గా దాన్ని పక్కన పెట్టి, చెప్పులేసుకుని కొట్టుకి పరిగెత్తింది. కొట్టుకి తాళం. ఈసురోమంటూ తిరిగొస్తుంటే సగం దారిలో గుర్తొచ్చింది, దాన్ని పక్కన పెట్టడమంటే తను పెట్టింది బాల్కనీలో. బల్ల మీద జాగా కోసం ఆలోచించకుండా చేసిన పని. మిగతా సగం దారీ పరుగే.

బాల్కనీలో పాత పేపరు పరిచి ఉంది. దాని మీద ప్రింటర్ ముక్కముక్కలుగా ఉంది. మధ్యలో మామగారు.

“అయిపోయింది! మీ బొమ్మల పిచ్చికి నా ట్యూషన్ కాస్తా బలైపోయింది!” అని ఆమె ఇంతెత్తున లేచింది. “రేపు పదకొండు మంది పిల్లలొస్తారు. వాళ్లకి ఏం ఇమ్మంటారు? మీ కొంగ బొమ్మ చూపించి పంపించెయ్యనా?”

ఆయన ఉలకలేదు, పలకలేదు. పలకడానికి వీల్లేదు, పెదాల మధ్య నాలుగు మరలు పట్టుకుని ఉన్నారు. ఆగమన్నట్టు వేలు మాత్రం ఎత్తారు.

ఆ కోపంలోనే ఆమె కొంగ వైపు చూసింది. మూడు నెలల కష్టం అది. మర్నాడు సాయంత్రం గ్రంథాలయంలో పెట్టే బొమ్మల ప్రదర్శనకి వెళ్లాల్సింది. పాత టైపు మిషన్ల కడ్డీలతో సన్నటి కాళ్లు, ఆ మిషన్ల చిన్న రబ్బరు చక్రాలే మోకాళ్లు. ఆ మోకాళ్లంటే ఆమెకీ ఇష్టమే. ఇప్పుడు కొంగ గోడకి చేరబడి ఉంది. ఒక కాలు లేదు.

ఆయన మరలు అరచేతిలోకి తీసుకున్నారు. “కాగితాన్ని లాగే రబ్బరు నున్నగా అరిగిపోయిందమ్మా. కొలిచి చూశాను. కొంగ మోకాలు సరిగ్గా అదే కొలత.”

ఆమె ఆయన పక్కనే చతికిలబడింది. అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవాలనిపించింది.

“ప్రదర్శన రేపే కదా మామయ్యా?”

“అది సాయంత్రం కదా. పరీక్ష పొద్దున్నే.”

మరలు బిగించి మీట నొక్కారు. ప్రింటర్ గుర్రుమంది, ఆలోచించుకుంది, కాగితాన్ని గబుక్కున లాక్కుంది. బయటికొచ్చిన కాగితంలో ఒకటి ఒకటిలా ఉంది, ఏడు ఏడులా ఉంది. ఆమె ఏడుస్తూ నవ్వుతూ పదకొండూ తీసింది.

పొద్దున పరీక్ష సజావుగా జరిగింది. ఓ పిల్లాడి తండ్రి కాగితం ఆసాంతం చదివి, తమ్ముడి కూతుర్ని కూడా పంపిస్తానన్నాడు.

సాయంత్రం గ్రంథాలయంలో కొంగ ఒంటికాలి మీద నిలబడింది. చూసినవాళ్లంతా కొంగ నిలబడే తీరుని ఎంత బాగా పట్టారండీ అని మెచ్చుకుంటుంటే మామగారు ఎటు చూడాలో తెలియక కిటికీ వైపు చూస్తూ నిలబడ్డారు. మిగతా బొమ్మల ముందు చేత్తో రాసిన అట్టలున్నాయి. కొంగ ముందున్న ఒక్కదాని మీదే అచ్చక్షరాలు. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివారు.

“కొంగ. రెండో కాలు ఇంట్లో పనిలో ఉంది.”

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

“అమ్మాయ్, ఆ ప్రింటర్ ఎప్పుడైనా పూర్తిగా పాడైపోతే...”

“నేనే తెచ్చి బాల్కనీలో పెడతాను మామయ్యా,” అంది కోడలు.