రుక్మాపూర్ దాటాక తాండూరు

వికారాబాద్ బస్టాండుకు ఎదురుగా ఉన్న జిరాక్స్ సెంటరు షటరులో సగభాగమే అంబిక దుకాణం. ఒక బల్ల, వేడిగాలి మిషను, పాత ల్యాప్‌టాప్, వెనక గోడకు వేలాడే ఫోన్ కవర్లు. కుల్కచర్ల దగ్గర గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టిన అంబిక హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఫోన్ల పని నేర్చుకొని వచ్చింది. చెయ్యి మంచిదన్న పేరుతో పాటు, పనిలో పడితే నోరు విప్పదన్న పేరు కూడా ఉంది ఆమెకు. ఎవరేం అడిగినా తల ఊపుతుంది, అంతే.

ఒక గురువారం పొద్దున పదిన్నరకు తాండూరు నుంచి ఒక జంట వచ్చింది. ఆయన వెంకటేశ్వర్, యాభై ఐదేళ్లుంటాయి, చేతిలో తెల్లకర్ర. రెండో చెయ్యి భార్య పుష్పమ్మ భుజం మీద. ఆయన జేబులోంచి ఒక ఫోన్ తీసి, బల్ల అంచు తడిమి చూసుకొని దాని మీద పెట్టాడు.

"అంబిక అంటే నువ్వేనా బిడ్డా? సహస్ర చెప్పింది నీ గురించి. వాళ్లమ్మ ఫోన్ నువ్వే బాగుచేసినవట."

సహస్ర ఆయన దగ్గర నేర్చుకునే పిల్ల. తాండూరులో వెంకటేశ్వర్ వాళ్లది పప్పుల వ్యాపారం. ముప్పై ఏళ్ల వయసులో మెల్లమెల్లగా చూపు పోయాక దుకాణం తమ్ముడు ధనరాజ్‌కు అప్పగించి, వెంకటేశ్వర్ వేరే పని పెట్టుకున్నాడు. వారానికి రెండుసార్లు రైలెక్కి వికారాబాద్ వచ్చి, చూపులేని పిల్లలకు కర్ర పట్టుకొని ఒంటరిగా నడవడం నేర్పేవాడు.

అంబిక ఫోన్ తిప్పి చూసింది. ఏడెనిమిదేళ్ల కిందటిది. అద్దం కింద నిజంగా నొక్కే మీట ఉన్న రకం. అంచులు అరిగిపోయి రంగు ఊడిపోయింది.

"ఏమైంది సారూ దీనికి?"

"ఫోన్‌కేం కాలే. మాట్లాడుతది, ఫోన్లు కలుపుతది. కానీ దారి చెప్పే యాప్ ఉంటుండె. ఏ స్టేషన్ వచ్చింది, ఎన్ని అడుగులేస్తే మెట్లు, అన్నీ చెవుల చెప్తుండె. అది ఎనిమిది నెలల సంది తెరుచుకుంటలేదు. ఫోన్‌ల సాఫ్ట్‌వేర్ పాతదైందట. కంపెనీవాళ్లు కొత్తది ఇయ్యరట."

"మా మరిది కొత్త ఫోన్ తెచ్చిచ్చిండు" అంది పుష్పమ్మ. "అంత నున్నగ అద్దమే. ఈయనకు ఏలు యాడ పెట్టాల్నో తెల్వక మా దుకాణం హమాలీకి పొద్దుగాల్నే పదిసార్లు ఫోన్ చేసిండు."

వెంకటేశ్వర్ నవ్వలేదు. యాప్ ఆగిపోయిన కొత్తలో ఆయన అలవాటు మీద ఒక్కడే రైలెక్కాడు. స్టేషన్ల లెక్క తప్పి తాండూరుకు ముందు స్టేషన్ రుక్మాపూర్‌లో దిగాడు. బండి వెళ్లిపోయింది. చిన్న స్టేషన్, ఎండ, మనిషి అలికిడి లేదు. రెండు గంటల తర్వాత ధనరాజ్ బండి వేసుకొచ్చి తీసుకెళ్లాడు. ఆ రోజు నుంచి పుష్పమ్మ ఆయన్ని ఒంటరిగా పంపలేదు. పాఠానికి ఆమె భుజం పట్టుకొనే వచ్చేవాడు. సహస్ర ఒకరోజు అడిగింది, "సారూ, మీరు ఒక్కరే వస్తలేరా?" అని. ఆ తర్వాత పాఠాలు మానేశాడు.

ఇదంతా ఆయన తేలిగ్గానే చెప్పాడు గానీ, చెబుతున్నంతసేపూ చేతిలోని కర్ర తాడును వేలికి చుడుతూ విప్పుతూనే ఉన్నాడు.

అంబిక ఫోన్ మోడల్ పేరు ల్యాప్‌టాప్‌లో కొట్టి చాలాసేపు చదివింది. ఈ ఫోన్‌ను వదల్లేనివాళ్లు ప్రపంచంలో ఇంకా ఉన్నారు. వాళ్లలో ఎవరో దీనికి సరిపోయే కొత్త సాఫ్ట్‌వేర్ తయారుచేసి అందరికీ పెట్టారు. తన పాత ఫోన్‌కు అంబిక ఇలాంటిదే రెండుసార్లు ఎక్కించుకుంది. ఇంకొకరి ఫోన్‌కు మాత్రం ఎప్పుడూ చేయలేదు.

"అయితది సారూ. కానీ ఫోన్ మొత్తం తుడిచి పెట్టాలె. మధ్యల ఏమన్న తేడా వస్తే అసలుకే లేవకపోవచ్చు."

"యాప్‌ల నా దారి గుర్తులున్నయి బిడ్డా. ఆరేండ్లు నడుచుకుంట పెట్టుకున్న. రెండు వందలకు ఎక్కువే ఉంటయి. అవి పోతే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినా నాకు లాభం లేదు."

యాప్ తెరుచుకుంటే ఆ గుర్తులను బయటికి తీయొచ్చు. తెరుచుకోదు కాబట్టి దాని అరలోకి వేరే దారిన వెళ్లాలి.

"ఫోన్ మనదే అయినా సారూ, లోపలి కొన్ని అర్రలకు కంపెనీ తాళం ఏసి ఉంచుతది. ఆ తాళం తీసుడునే రూట్ చేసుడు అంటరు. ముందుగాల రూట్ చేసి గుర్తులు తీసుకుంట. తర్వాతనే తుడుస్త."

వెంకటేశ్వర్ కర్ర తాడు వదిలేశాడు. "చెయ్యి. ఒక్క మాట. పని నడిచినంతసేపు ఫోన్ మాట్లాడదు కదా? అప్పుడు నువ్వు మాట్లాడాలె. ఏం చేస్తున్నవో చెప్పుకుంట చెయ్యి."

అంబికకు ఇది ఫోన్ పని కంటే కష్టంగా తోచింది. అయినా సరేనంది.

మొదట్లో మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "వైరు పెట్టిన... మూడు మీటలు ఒక్కసారి పట్టుకున్న... అద్దం నీలం రంగయింది." వెంకటేశ్వర్ "ఊఁ" కొడుతున్నాడు. అరగంటకు గొంతు కుదురుకుంది. జిరాక్స్ కోసం వచ్చినవాళ్లు ఈ పిల్ల ఇంత మాట్లాడుతుందా అని తొంగి చూశారు. ఫోన్ రూటయింది. యాప్ అర తెరుచుకుంది. అందులో ఒకే ఒక చిన్న ఫైలు. దాన్ని అంబిక ల్యాప్‌టాప్‌లోకి తీసుకుంది.

"వచ్చినయి సారూ. ఇగ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్న."

ఎక్కడం పది నిమిషాల్లో అయిపోయింది. ఫోన్ మళ్లీ లేచే సమయానికి అద్దం మీద ఒక గుండ్రని బొమ్మ తిరగడం మొదలుపెట్టింది. మొదటిసారి ఆలస్యమవుతుందని అంబికకు తెలుసు. పది నిమిషాలు చూసింది. పదిహేను. ఇరవై. బొమ్మ తిరుగుతూనే ఉంది. ఆపి మళ్లీ వేసింది. మళ్లీ అదే బొమ్మ.

"బిడ్డా, మాట్లాడుతలేవు" అన్నాడు వెంకటేశ్వర్.

ఏదో ఒకటి చెప్పి నెట్టుకురావచ్చు. ఎదుటి మనిషికి అద్దం కనపడదు. పుష్పమ్మకు కనిపించినా అర్థం కాదు. ఆ ఆలోచన వచ్చినందుకే అంబికకు సిగ్గేసింది.

"లేస్తలేదు సారూ. గిర్రగిర్ర తిరుగుతున్నది, లోపలికి పోతలేదు. తప్పు నాదే అనుకుంట."

పుష్పమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెంకటేశ్వర్ కుర్చీ ఇంకొంచెం ముందుకు జరుపుకున్నాడు.

"ఏం తప్పు?"

"మొత్తం తుడవాల్సిండె. నేను సగమే తుడిచిన. పాత సాఫ్ట్‌వేర్ ముచ్చట్లు కొన్ని లోపలనే ఉన్నయి, అవి కొత్తదాన్ని లేవనిస్తలేవు."

"మరి సగమే ఎందుకు తుడిచినవు?"

అంబిక నిజం చెప్పింది. "భయమైంది. మీ గుర్తులు అండ్లనే ఉన్నయి కదా. నేను తీసుకున్న ఫైలు మంచిగున్నదో లేదో... పూర్తిగ తుడిస్తే మళ్ల రావు."

"అయితే ముందు అది తెరిచి చూడు. ఉన్నయో లేవో చదువు."

అంతసేపూ తనకు తట్టని సంగతి అది. అంబిక ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు తెరిచింది. వరుసగా తెలుగు అక్షరాలు వచ్చాయి. ఒక్కొక్కటి చదవసాగింది.

"తాండూరు ఒకటో ప్లాట్‌ఫారం, మూడో మెట్టు పగిలింది. చాయ్ బండి, ఎడమకు మళ్లాలె. ఇక్కడ కుక్క పండుకుంటది, కర్ర మెల్లగ. గోడ అయిపోయింది, ఇరవై అడుగులు ఏం ఉండదు, భయపడొద్దు. పుష్ప పూలు కొనే కాడ..."

"ఇగ చాలు" అన్నాడు వెంకటేశ్వర్ గబుక్కున. పుష్పమ్మ నోటి మీది కొంగు తీసి భర్త వైపు చూసింది. ఆ గుర్తు సంగతి ఆమెకూ ఇప్పుడే తెలిసినట్టుంది.

"అన్నీ ఉన్నయి సారూ. రెండు వందల పద్నాలుగు."

"అయితే ఫికర్ ఎందుకు? మొత్తం తుడిచెయ్."

అంబిక ఆ ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లోకి, తన ఫోన్‌లోకి కూడా వేసుకుంది. అప్పుడు తుడిచింది, ఈసారి పూర్తిగా. మళ్లీ మొదటి నుంచి ఎక్కించింది, ప్రతి అడుగూ చెబుతూనే. గుండ్రని బొమ్మ తిరిగింది. ఒక నిమిషం, రెండు, నాలుగు. ఉన్నట్టుండి అద్దం తెల్లబడి, భాష ఏది కావాలని అడిగింది.

"లేచింది సారూ!" అని అరిచింది అంబిక. జిరాక్స్ సెంటరులో మనిషి ఉలిక్కిపడి చూశాడు.

వెంకటేశ్వర్ ఫోన్ అందుకొని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ వినపడలేదు. "మూగగ ఉన్నది."

"గొంతు వేరేగ పెట్టాలె. దీనితోని రాదది." అంబిక మాట్లాడే యాప్‌ను, తెలుగు గొంతును ఎక్కించింది. దారి యాప్ కొత్తది పెట్టింది. గుర్తుల ఫైలును దాని అరలో సర్ది, రూట్‌ను తీసేసింది. ఆ తాళం అలా తెరిచి వదిలేస్తే పక్కవాళ్లు కూడా లోపలికి వస్తారని చెప్పింది. చివరగా గొంతు మీట నొక్కింది.

"వికారాబాద్ బస్టాండ్. ముప్పై అడుగుల దూరంలో రోడ్డు" అంది ఫోన్.

వెంకటేశ్వర్ అద్దం కింది మీటను బొటనవేలితో ఒకసారి నొక్కాడు, మళ్లీ నొక్కాడు. ప్రతిసారీ అది పలికింది. తర్వాత నల్లకళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు.

మూడున్నర దాటింది. పొద్దున నుంచి ముగ్గురూ చాయ్ తప్ప ఏమీ తాగలేదు, తినలేదు.

"నాలుగింటి బండికి నేను పోత" అన్నాడు వెంకటేశ్వర్. "ఒక్కన్నే."

"ఇయ్యాల్నే ఎందుకు? మీరు ఊకోండ్రి జర" అంది పుష్పమ్మ.

"నువ్వు మోమిన్‌పేట్ పో. మీ చెల్లె కాశమ్మ మనుమరాలు పుట్టి ఐదు నెలలైంది. నాతోని ఆగిపోయినవు, ఇంకా చూడనే లేదు."

అంబిక లేచి నిలబడింది. తన చేతి పని దారి మధ్యలో ఆగిపోతే? ఇంకో రోజు చూసుకోమని అనబోయింది. అప్పటికే ఆయన కర్ర విప్పి, ఒక చెవిలో వైరు పెట్టుకొని మెట్టు దిగాడు. పుష్పమ్మ అంబిక వైపు ఒకసారి చూసి, యాభై అడుగులు వెనకగా చప్పుడు చేయకుండా బయలుదేరింది.

అరగంటకు ఆమె ఒక్కతే తిరిగి వచ్చి కుర్చీలో కూలబడింది.

"ఎక్కిండు. నేను ఎనక వస్తున్నట్టు ఆయనకు తెల్సు బిడ్డా. రైలు డబ్బా ఎక్కేటప్పుడు మొకం తిప్పకుంటనే 'ఇగ పో పుష్పా' అన్నడు."

ఆమె మోమిన్‌పేట్ బస్సు ఎక్కలేదు. ఆయన ఇంటికి చేరాడని వింటేనే వెళ్తానంది. అంబిక ఒక పగిలిన ఫోన్ ముందేసుకొని కూర్చుంది గానీ స్క్రూ ఒకటి కూడా విప్పలేదు. ఐదుంబావుకు బండి తాండూరు చేరినట్టు రైళ్ల యాప్‌లో చూపించింది. ఫోన్ రాలేదు. పుష్పమ్మ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. మళ్లీ ఎత్తలేదు.

"ధనరాజ్‌కు చెప్పమంటవా?" అంది పుష్పమ్మ.

"చెప్పుండ్రి పెద్దమ్మా" అని అంబిక అంటుండగానే ఆమె చేతిలో ఫోన్ మోగింది. పుష్పమ్మ స్పీకర్ పెట్టింది.

"చేరిన. ఇంట్లనే ఉన్న" అన్నాడు వెంకటేశ్వర్. రొప్పుతున్నాడు, గొంతు మాత్రం హుషారుగా ఉంది. "ధారూర్ చెప్పింది, రుక్మాపూర్ చెప్పింది. రుక్మాపూర్‌ల లేచి నిలబడ్డ చూడు, కానీ దిగలే. దాటినంక 'తాండూరు' అన్నది. దిగిన."

"మరి ఫోన్ ఎత్తరేంది? నా పానం పోయింది ఇక్కడ!"

"స్టేషన్ బయట రోడ్డు తవ్విండ్రు. అది కొత్త గుర్తు కదా, పెట్టుకుంటున్న. ఒక చేతిల కర్ర, ఒక చెయ్యి గోడ మీద. ఎత్తేటందుకు చెయ్యి యాడిది?"

పుష్పమ్మ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అంబికకు ఇప్పుడు గాని కడుపులో ఆకలి తెలియలేదు.

"పిల్లలకు చెప్పు బిడ్డా" అన్నాడు అవతల నుంచి. "సోమవారం పాఠం ఉన్నదని. సహస్ర వాళ్లమ్మకు చెప్తే అందరికి తెలుస్తది."

"చెప్త సారూ."

పుష్పమ్మ లేచి చీర సవరించుకుంది. అంబిక జిరాక్స్ ఆయనకు దుకాణం చూస్తుండమని చెప్పి, ఆమెతో పాటు బస్టాండులోకి నడిచింది. మోమిన్‌పేట్ బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. పుష్పమ్మకు కిటికీ పక్క సీటు దొరికింది. పసిపిల్లకు ఏం తీసుకుపోవాలని అడిగింది. అంబిక పరుగున వెళ్లి ఒక గిలక్కాయ కొనుక్కొచ్చి కిటికీలోంచి అందించింది. బస్సు కదిలింది. పుష్పమ్మ ఒడిలో సంచీ, దాని మీద గిలక్కాయ పెట్టుకొని, సీటుకు వీపు ఆనించి కళ్లు మూసుకుంది.

అంబిక బస్టాండు హోటల్లో కూర్చొని రెండు పూరీలు చెప్పింది. అవి వచ్చేలోపు ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న ముసలమ్మకు, ఎవరూ అడక్కుండానే, పొద్దున నుంచి జరిగిందంతా చెప్పడం మొదలుపెట్టింది.