సాల్సిడో ఆఖరి ఆట

మెట్టుగూడలో లెక్కల టీచరుగా రిటైరైన మార్తమ్మకు బేస్‌బాల్ పిచ్చి పట్టింది మోకాలి ఆపరేషనై మంచాన పడ్డ రోజుల్లో. ఒక తెల్లవారుజామున నిద్రపట్టక ఫోన్ చూస్తుంటే అమెరికాలో జరుగుతున్న మ్యాచ్ కనిపించింది. అందులో రూబెన్ సాల్సిడో ఉన్నాడు.

పొట్టి మనిషి. భారీ షాట్లు కొట్టడు. బంతి ఎటొస్తుందో ముందే తెలిసినట్టు రెండడుగులు జరిగి నిలబడతాడు. చేతిలో పడ్డ బంతి ఆగినట్టే ఉండదు, అప్పటికే అవతలివాడికి అందేసి ఉంటుంది. పట్టాక గంతులు వేయడు. టోపీ సర్దుకుని తన చోటికి నడిచిపోతాడు.

"లెక్క చేసి చూపించి, సుద్దముక్క కింద పెట్టినట్టుంటది," అనేది మార్తమ్మ.

కింది వాటాలో బట్టలు కుట్టే పర్వీన్ మొదట నవ్వింది. "గిదేం ఆట టీచరమ్మా? ఓవర్లు లేవు, వికెట్లు లేవు!" కానీ జాకెట్ ఇవ్వడానికొచ్చిన రోజున నిలబడే గంటసేపు చూసింది. ఆ తర్వాత ఐదేళ్లుగా, సాల్సిడో ఆడే రోజు పొద్దుటి చాయ్ ఇద్దరికీ పై వాటాలోనే.

పందొమ్మిదేళ్లు ఒకే జట్టుకు ఆడి, నలభయ్యో ఏట సాల్సిడో ఇక చాలన్నాడు. చివరి మ్యాచ్ మనకు ఆదివారం పొద్దున పడింది. ఎనిమిదిన్నరకు చర్చి. మార్తమ్మ ఐదింటికే తెల్లచీర కట్టుకుని తయారైంది. పర్వీన్ ఒక కవరు తెచ్చి చేతిలో పెట్టింది. లోపల తాను కుట్టిన నీలం జెర్సీ. వీపు మీద తెలుగులో 'సాల్సిడో', కింద అతని నంబరు పద్నాలుగు.

"ఏందే ఇది!" అంటూనే మార్తమ్మ చీర మీదే తొడుక్కుంది.

ఆఖరి ఇన్నింగ్స్‌లో స్కోరు సమం. ఇద్దరు అవుట్, మూడోవాడు అవుటైతే ఇన్నింగ్స్ అయిపోయినట్టే. మూడో బేస్‌లో సాల్సిడో జట్టువాడొకడు ఆఖరి బేస్‌కు ఉరికి పరుగు తేవడానికి సిద్ధంగా ఉన్నాడు. సాల్సిడో బంతికంటే ముందే మొదటి బేస్ చేరితే ఆ పరుగు చెల్లుతుంది, మ్యాచ్ గెలుస్తారు.

"ఇప్పుడన్నా జెర గట్టిగ కొట్టమనండి," అంది పర్వీన్.

"కొట్టడు. ఫీల్డర్లంతా ఎంత వెనక నిలబడ్డరో చూడు."

సాల్సిడో బ్యాట్ అడ్డం పెట్టాడు. బంతి టప్పున ముందర పడి, గడ్డి మీద మెల్లగా దొర్లింది. అతను పరుగందుకున్నాడు.

"యా అల్లా! ఉరుకు భయ్యా, ఉరుకు!"

అంపైర్ రెండు చేతులూ చాపాడు. సేఫ్. మార్తమ్మ కళ్లు తుడుచుకుంది.

"గెలిచిండు గదా, ఏడుస్తున్నరేంది?"

"రేపటినుంచి ఎవర్ని చూడాలె పర్వీన్?"

గడియారం చూస్తే ఎనిమిదీ ఇరవై. జెర్సీ సంగతే మరిచిపోయి ఆటో ఎక్కేసింది. ఆరాధన ముగిసేదాకా వెనక వరసలన్నీ ఆమె వీపునే చదివాయి.

బయటికి రాగానే పాస్టరుగారి భార్య విమలమ్మ అడిగేసింది. "ఎవరమ్మా ఈ సాల్సిడో? కొత్త అల్లుడా?"

మార్తమ్మ పగలబడి నవ్వింది. మాటలతో చెబితే ఎవరికీ అర్థంకాలేదు. గొడుగును బ్యాట్‌లా అడ్డం పట్టుకుని నిలబడింది. పాటల బృందంలో పాడే క్యారల్ అనే అమ్మాయి చేతిలోని జామకాయను బంతిలా విసిరింది. అది గొడుగుకు తగిలి మెట్ల దగ్గరికి దొర్లింది.

"ఉరకండి విమలమ్మగారూ! గేటే మొదటి బేస్!"

విమలమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టి ఉరికింది. గేటు పట్టుకుని, రొప్పుతూ వెనక్కి తిరిగింది.

"సేఫా, అవుటా?"