మూడో పాదం తర్వాత

అక్క పోయింది మంగళవారం పొద్దున. మధ్యాహ్నం ఆమె ఫోను మోగితే నేనే తీశాను. గ్రంథాలయం నుంచి. పై అంతస్తు హాల్లో ప్రతి నెలా చివరి ఆదివారం అక్క నడిపే కుటుంబాల పాటల సభకు ఈసారి ఎన్ని కుర్చీలు వేయించాలని అడిగారు. విషయం చెప్పాను. అవతల అయ్యో అన్నారు.

తర్వాత గ్రంథాలయాధికారి గొంతు తగ్గించి, "ఇప్పుడు చెప్పాల్సింది కాదమ్మా. ఆ హాలు కోసం చదరంగం వాళ్లు ఏడాదిగా అడుగుతున్నారు. ఒక్క నెల ఖాళీ వదిలితే పైవాళ్లు వాళ్లకిచ్చేస్తారు. మీ చెవిన వేస్తున్నానంతే," అన్నారావిడ.

పన్నెండేళ్లు అక్క ఒక్క నెల కూడా తప్పలేదు. తాతలు, అమ్మానాన్నలు, పిల్లలు కలిసి నిలబడి పాడే సభ అది. వినేవాళ్లకంటే పాడేవాళ్లే ఎక్కువ. చివరి ఏడాది మెట్లు ఎక్కలేకపోయాక సభ రోజున కుర్చీలో పైకి మోసుకెళ్లేవాళ్లం; సాధనకు రాలేక కొత్త పాటను ఫోనులో పాడి ఇంటింటికీ పంపేది. వాళ్లు వంటింట్లోనో బస్సులోనో విని నేర్చుకునేవారు.

సంగతి విని బావ, "అక్క చోట నువ్వు నిలబడు," అన్నాడు.

"నాకు పాటేం వచ్చు బావా? ముప్పై ఏళ్లుగా లెక్కలు చెప్పుకుంటున్నదాన్ని."

"నేను జోలపాట పాడితే పడుకున్న పిల్లలు కూడా లేచి కూర్చునేవాళ్లు. మనిద్దర్లో నువ్వే నయం."

సభకు ముందు రోజు సాధన పెట్టాం. ఇరవై ఆరుగురు వచ్చారు. గిటారు వాయించేది బడి బస్సు డ్రైవరు. పిల్లలకు ఆయన గేరు మామయ్య. నేను చెయ్యి ఎత్తాను. ఈ సభకని అక్క ఫోనులో పంపిన పాట మొదలైంది. మూడో పాదం అవగానే పిల్లలందరూ ఒకేసారి, రెండుసార్లు దగ్గారు. ఖళ్, ఖళ్. వెంటనే నాలుగో పాదం ఎత్తుకున్నారు.

నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"సిగ్గు లేదూ, ఏంటా వేళాకోళం?" ఒకావిడ కూతురి భుజం గిల్లింది.

"వేళాకోళం కాదమ్మా." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "పాటలో ఉంది. పెద్ద టీచర్ అలాగే పాడారు."

"పిల్లల్ని ఏమనకండమ్మా," అన్నాడు గేరు మామయ్య. "ఆ రెండిటికీ నేనూ రెండు దెబ్బలు వేసుకున్నా. అవి తీసేస్తే తాళం ఒంటి కాలి మీద నిలబడుద్ది."

ఫోను తీసి అక్క పాడింది పెట్టాను. ఆయన చెప్పింది నిజమే. అక్క తాళం తప్పకుండా దగ్గింది.

బావ వెనక కుర్చీలు సర్దుతున్నాడు. అటు చూడటానికి భయమేసింది. చేతిలో కుర్చీ కింద పెట్టి, "ఇప్పుడు మీ అక్క ఉంటేనా," అన్నాడు, "'పాట నేర్చుకోండర్రా అంటే రోగం నేర్చుకున్నారా' అని ఒక్కొక్కళ్ల చెవీ మెలేసేది." ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఏడవబోతున్న పిల్ల కూడా నవ్వింది. బావ నవ్వబోయి, కిటికీ వైపు తిరిగాడు.

తప్పు కనబడితే సున్నా చుట్టడం నా వృత్తి. ఆ రోజు చుట్టబుద్ధి కాలేదు. ఆసుపత్రిలో ఆ దగ్గు వినలేక నేను వరండాలోకి వెళ్లి నిలబడేదాన్ని. వీళ్లు దాన్ని లెక్కతో సహా విన్నారు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చేతులు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు.

"దగ్గొద్దు," అన్నాను. "అక్కడ రెండు దెబ్బలు ఆగుదాం. మామయ్య వాయిస్తారు."

ఆదివారం హాలు నిండింది. చదరంగం వాళ్లు కూడా ఇద్దరు వచ్చి గోడవార నిలబడ్డారు. మూడో పాదం అయింది. అందరూ ఆగారు. గిటారు రెండుసార్లు మోగింది. నాలుగో పాదానికి నా చెయ్యి లేవలేదు. వాళ్లు నా కోసం చూడలేదు. తాతలూ పిల్లలూ కలిసి వాళ్లే ఎత్తుకున్నారు. నేను చెయ్యి దించి విన్నాను.

అయ్యాక గ్రంథాలయాధికారి పెద్ద పుస్తకం తెచ్చి, నా ఎదుటే వచ్చే నెల చివరి ఆదివారం గడిలో మా సభ పేరు రాశారు. ఆవిడకు కృతజ్ఞతలు చెప్పాను. డ్రైవరుకు చెప్పాను. గిల్లించుకున్న పిల్లకు ప్రత్యేకంగా చెప్పాను. "ఎందుకు టీచర్?" అని అడిగింది. "బాగా విన్నందుకు," అన్నాను.

అక్క పాడి పంపిన పాటల్లో ఇదే ఆఖరిది. వచ్చే నెల పాట ఎవరు నేర్పాలో ఇంకా తేలలేదు.