రెండున్నర గంటల దుబాయి

యేసుబాబును నేను ఇంతవరకు క్షమించలేదు. ఎదురుపడితే పలకరిస్తాను, బీడీ ఇస్తే తీసుకుంటాను. అది వేరే సంగతి.

మా తమ్ముడు సాంసన్ దుబాయిలో ఏడేళ్లు ఇనుప సలాకలు కట్టి కూడబెట్టిన డబ్బుతో బాలస్వామి చేను కొనాలనుకున్నాం. పదకొండేళ్లుగా నేను కౌలుకు చేస్తున్న చేనే అది. రాళ్లు ఏరింది నేను, గట్లు పోసింది నేను. శుక్రవారం రిజిస్ట్రేషన్ అయిపోవాలన్నాడు బాలస్వామి. మర్నాడు హైదరాబాద్ దవాఖానలో ఆయన భార్య యాదమ్మకు ఆపరేషన్. కాగితాల మీద పేరు తమ్ముడిది. వాడే ఆఫీసుకు వచ్చి మిషన్ మీద వేలిముద్ర వేయాలి. శుక్రవారం పొద్దున పదింటికి అక్కడ విమానం ఎక్కుతానన్నాడు.

ఇక్కడ ఎప్పుడు దిగుతాడో వాడినే అడగాల్సింది. ఊళ్లో దుబాయి చూసొచ్చినవాడు ఉన్నాడు కదా అని యేసుబాబును అడిగాను.

"రెండున్నర గంటలన్నా, గంతే. నేను ఈడ పదింటికి ఎక్కిన, ఆడ పన్నెండున్నరకు దిగిన. ఫోన్ల సూసుకున్న."

"మరి వచ్చేటప్పుడో?"

"జరమొచ్చి పండుకున్న. తొవ్వ అదే గద, ఎక్కువెట్లయితది?"

మా నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాద్‌కు బస్సులోనే అంత పడుతుంది. ఆ మాట నా ఐదో తరగతి బుర్రకు తట్టలేదు. పన్నెండున్నరకు దిగి, కారెక్కితే మూడింటికి వస్తాడనుకున్నాను. నాగర్‌కర్నూల్ తహసీల్దార్ ఆఫీసులో మూడున్నర స్లాట్ తీసుకున్నాను.

శుక్రవారం మూడు దాటింది. తమ్ముడి ఫోన్ కలవదు. కంప్యూటర్ ముందున్న కావ్య అనే పిల్ల మా పరేషాన్ చూసి సంగతి అడిగింది. చెప్పాను.

"కాకా, దుబాయి గడియారం మనకంటె గంటన్నర ఎనక. పోంగ గా గంటన్నర మిగిలినట్టు కొడ్తది, రాంగ పోతది. ప్రయాణమే నాలుగు గంటలు. మీ తమ్ముడు గిప్పుడు గాల్లనే ఉంటడు."

"నేను ఫోన్ల సూసిన గద" అన్నాడు పక్కనున్న యేసుబాబు.

"ఆడ దిగంగనే ఫోన్ టైం మార్చుకుంటది, అన్నా."

యేసుబాబు మెట్టు మీద కూలబడ్డాడు.

మేం కొనలేకపోతే తను కొనడానికి ఎరువుల దుకాణం హన్మంతు డబ్బుతో వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఐదింటికి మిషన్ మూస్తారు. బాలస్వామి నాలుగున్నర దాకా ఆగాడు. తమ్ముడి దుబాయి సిమ్ము ఇక్కడ పలకదని మాకు తెలియదు.

"సోమవారం దాక ఆగరాదే" అన్నాను.

"నేనాగుత. యాదమ్మ ఆగుతదా?"

ఆమె కడుపు పట్టుకుని నాకు చేనుకు నీళ్లు తెచ్చిన రోజులున్నాయి. ఆగమని మళ్లీ అనలేకపోయాను. బాలస్వామి నా ముఖం చూడకుండా లోపలికి పోయాడు. వెనకే హన్మంతు.

తమ్ముడు ఆరున్నరకు వచ్చాడు. ఆఫీసుకు తాళం. అంతా విని సంచి కింద పెట్టాడు.

"నన్నొక్క మాట అడుగకపోతివి గదనే."

నేను యేసుబాబు వైపు చూపించాను. వాడు ఇంకా మెట్టు మీదే ఉన్నాడు. ఆ పూట అన్నం కూడా తినలేదు. తమ్ముడు పోయి వాడి భుజం పట్టి లేపాడు. "లే అన్నా, చాయ్ తాగుదాం. ఆడికి పోయిన కొత్తల నేను గూడ గట్లనే అనుకున్న."

ఎదురుగా ఉన్న హోటల్లో ముగ్గురం కూర్చున్నాం. చాయ్ డబ్బులు యేసుబాబు ఇస్తానంటే నేనే వద్దన్నాను.

హన్మంతు ఆ చేనును ఇప్పుడు వేరేవాళ్లకు కౌలుకిచ్చాడు. ఎకరా పన్నెండు గుంటలు.