మారు వడ్డన

మా అక్క వరదలక్ష్మి పోయిన పదో రోజున రాయపురం సముద్రపుటొడ్డున పిండం పెట్టి కాకి కోసం నిలబడ్డాం. కాకి ముడితేనే పోయినవాళ్లు తృప్తిగా తిన్నట్టు. ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలిపోయిందని మావాళ్ల నమ్మకం. అది ముట్టేదాకా మేమెవరం పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. పక్కన ఇంకెవరో పెట్టిన పిండాన్ని కాకులు క్షణంలో ఊడ్చేశాయి. అక్క ఆకు దగ్గరికి ఒక్కటీ రాలేదు. ఒకే ఒక కాకి మాత్రం గోడ మీద కూర్చుని మమ్మల్నే చూస్తోంది. అన్నం వైపు చూడనే చూడదు.

"ఈడ కాకులకు హార్బరు చేపలు కడుపునిండా దొరుకుతాయమ్మా. మన అన్నం ఎవురికి కావాల?" అన్నారు శాస్త్రిగారు.

"మరి పక్కవాళ్ల అన్నం ఎట్లా తిన్నాయి సామీ?" అన్నాను. ఆయన పంచె సర్దుకున్నారు.

బావ రాఘవయ్య ఈ పట్నంలోనే పురసవాక్కంలో చిన్న బళ్లో తెలుగు అయ్యవారుగా చేశాడు. జీతం అంతంతమాత్రం, ఉండేది ఒంటిగది పోర్షను. అయినా ఆ గదిలో ఉన్న కళ నేను బంగళాల్లో చూడలేదు. నెల్లూరు నుంచి ఆస్పత్రి పనిమీద వచ్చినవాళ్లు, ఉద్యోగాలు వెతుక్కునే కుర్రాళ్లు అందరూ అక్కడే తినేవాళ్లు, అక్కడే నవ్వుకుంటూ పడుకునేవాళ్లు. టీచర్ ట్రైనింగ్ రోజుల్లో నేనూ అక్కడే ఉన్నాను. "కొంచెంలో గొప్పగా బతకడం మా వరదను చూసి నేర్చుకోండి" అని బావ అందరికీ చెప్పేవాడు. అక్క నవ్వేది.

బావ తమ్ముడు జనార్దనం చేతులు జోడించాడు. "వదినా, నీ పేరు మీద పట్టుచీర దానమిస్తాం. వచ్చి తిను." కాకి కదల్లేదు. "నీ అస్థికలు కాశీలో కలుపుతాం వదినా. అన్నకు నేనుండా, దిగులుపడమాక." ఊహూఁ.

"దానికి కోరికలు యాడివిరా? ఒక్కనాడన్నా ఇది కావాలని అడిగిందా?" అన్నాడు బావ. గొప్పగా చెప్పబోయాడు గానీ గొంతులో భయం వినిపించింది.

ఎండ ముదిరింది. శాస్త్రిగారికి ఓపిక అయిపోయింది. "దర్భతో కాకిని చేసి ముట్టించేద్దాం. శాస్త్రం ఒప్పుకుంటుంది."

"వద్దు సామీ! గడ్డికాకి ముడితే అది తిన్నట్టా? నా వరదను ఆకలితో పంపమంటారా?" అంటూ బావ ఇసుకలో కూలబడ్డాడు. చక్కెర జబ్బు మనిషి, చేతులు వణుకుతున్నాయి.

గోడ మీది కాకి మెడ వంచి ఆయన వైపే చూసింది. ఆ చూపు నాకు తెలుసు. వంటింటి గడపలో నిలబడి ఎవరి కంచంలో ఏం తక్కువైందో చూసే చూపు అది. భగవంతుడా, ఎంత మొద్దులం మేము!

రోడ్డు మీద ఇడ్లీలమ్మే ఆమె దగ్గరికి పరిగెత్తి పొట్లం కట్టించుకొచ్చాను. "బావా, ముందు నువ్వు తిను."

"ఏందే, నీకేమన్నా పిచ్చా? కాకి ముట్టందే..."

"మనం పస్తుంటే అది ముట్టదు. అక్క ఏనాడన్నా మనకంటే ముందు తినిందా?"

"అపచారం!" అని శాస్త్రిగారు అరిచారు.

"ఆ పాపమేదో నా నెత్తిన వెయ్యండి సామీ" అని బావ నోట్లో నేనే ముక్క పెట్టాను. ఏడుస్తూనే మింగాడు. జనార్దనం తిన్నాడు, నేనూ తిన్నాను.

ఎక్కణ్ణుంచి వచ్చాయో, కాకులు గుంపుగా వాలాయి. "ముట్టింది, ముట్టింది!" అని జనార్దనం కళ్లు తుడుచుకున్నాడు. శాస్త్రిగారు స్నానాలు చెయ్యమన్నారు.

గోడ మీది కాకి మాత్రం దిగలేదు. మిగతావన్నీ తిని ఎగిరిపోయాక మెల్లగా వచ్చింది. ఖాళీ ఆకు చుట్టూ తిరిగి, ముక్కుతో పొడిచి చూసింది. ఒక్క మెతుకు లేదు. తలెత్తి మళ్లీ మమ్మల్నే చూసింది.

బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "సీతా, మేమందరం తిని లేచినాక దానికి గిన్నెలో ఏం మిగిలేది?"

"తెలీదు బావా."

"నలభై ఏండ్లు పక్కన్నే ఉండా. నాకూ తెలీదే!" అన్నాడు. తర్వాత శాస్త్రిగారి వైపు తిరిగాడు. "సామీ, ఇంకొంచెం అన్నం పెట్టనీండి."

"పిండానికి మారు వడ్డన లేదయ్యా" అన్నారాయన సంచి సర్దుకుంటూ.

బావ వినిపించుకోలేదు. అన్నం వండిన గిన్నె ఒళ్లో పెట్టుకుని, వట్టి అడుగును గోళ్లతో గోకుతూనే ఉన్నాడు.